బార్బరా వుడ్‌హౌస్

బార్బరా వుడ్‌హౌస్ (మే 9, 1910 - జూలై 9, 1988) సుప్రసిద్ధ జంతు శిక్షకురాలు, రచయిత్రి. కుక్కలకు శిక్షణ ఇవ్వడం పోలీసు శాఖకో, సర్కసు కంపెనీలకో పరిమితమైన విద్య కాదని, ఇంట్లో కుక్కను పెంచుకొనే ప్రతివారూ నేర్చుకోవలసిన పని అని టెలివిజన్ ద్వారా బ్రిటన్ ప్రజలకు తెలియజెప్పిన వ్యక్తిగా ఈమె ప్రఖ్యాతి గాంచింది.

బాల్యము, విద్య

ఈమె ఐర్లండులో డబ్లిన్ సమీపాన ఉన్న రాత్‌ఫార్నమ్‌లో జన్మించింది. తండ్రి అక్కడి సెయింట్ కొలంబా కళాశాలకు అధిపతి. 1919లో ఆయన మరణించిన తరువాత కుటుంబం ఇంగ్లాండుకు తరలివెళ్ళింది. వ్యవసాయ విద్యలో స్త్రీలు అరుదుగా కనిపించే ఆ రోజులలో బార్బరా హార్పర్ ఆడమ్స్ వ్యవసాయ కళాశాలలో చదివింది.

అర్జెంటీనా అనుభవాలు

1930వ దశకంలో అర్జెంటీనాకు వెళ్ళి, అక్కడి పశుక్షేత్రాలలో మూడేళ్ళకు పైగా గుర్రాలను మచ్చిక చేసే పనిలో గడిపింది. మొండి గుర్రం ఎదుట నిలిచి ముక్కుతో మెల్లగా గాలి ఊది పలకరించే పద్ధతిని గ్వారానీ తెగకు చెందిన ఒక వ్యక్తి వద్ద నేర్చుకున్నట్లు ఆమె చెప్పుకొన్నది. జంతువు భయం పోగొట్టి, అది మన మాట వినేటట్లు చేసుకోవాలన్న ఆలోచన ఆమెకు అక్కడే స్థిరపడింది. పల్నాడులో కోడెదూడకు కాడి అలవాటు చేసే రైతు ఓర్పును చూసినవారికి ఇది వింతగా తోచదు. అయితే ఎద్దుకు అంత శ్రద్ధగా పని నేర్పే మనం కుక్కను మాత్రం వాకిట్లో గొలుసుతో కట్టి ఊరుకుంటాము. అది ఎవరినైనా కరిస్తే తప్పు దానిమీదికి నెట్టి, ఊరి బయట వదిలివేస్తాము.

శిక్షణా విధానము

1940లో వైద్యుడైన మైఖేల్ వుడ్‌హౌస్‌ను వివాహమాడి, ముగ్గురు పిల్లల తల్లి అయిన తరువాత కూడా ఆమె కుక్కల శిక్షణ మానలేదు. ఆమె పెంచిన జూనో అనే గ్రేట్ డేన్ జాతి కుక్క సినిమాలలోనూ కనిపించింది. 1954లో జంతువులతో తన అనుభవాలపై ఆమె రాసిన పుస్తకం వెలువడింది. తన జీవితకాలంలో సుమారు 17,000 కుక్కలకు శిక్షణ ఇచ్చినట్లు ఆమె లెక్క.

చెడ్డ కుక్కలు ఉండవని, తెలియని యజమానులే ఉంటారని ఆమె వాదన. అందువలన ఆమె తరగతులలో నిజమైన విద్యార్థి పట్టీ పట్టుకొన్న మనిషే. కూర్చోవడం, పడుకోవడం, ఆగడం, పిలిచిన వెంటనే రావడం, యజమాని పక్కనే నడవడం - ఆమె నేర్పిన ముఖ్య పాఠాలు ఇవే. చూడడానికి చిన్నవే. కాని రోడ్డు మీదికి పరుగెత్తే కుక్క పిలుపు విని వెనుదిరిగితే దాని ప్రాణం దక్కుతుంది. ఎదురుగా వచ్చే సైకిలువాడికీ ప్రమాదం తప్పుతుంది. ఆజ్ఞ స్పష్టంగా, ఒకే మాటలో ఉండాలి. కుక్క మాట విన్న మరుక్షణమే మెచ్చుకోవాలి. ఒకరోజు సోఫా ఎక్కనిచ్చి మరునాడు అదే పనికి కొడితే కుక్కకు ఏమీ బోధపడదు.

టెలివిజన్, విమర్శలు

1980లో బి.బి.సి. ఆమె శిక్షణా తరగతులను ధారావాహికగా ప్రసారం చేసింది. అప్పటికి ఆమెకు దాదాపు డెబ్బై ఏళ్ళు. షికారుకు పిలిచే వాకీస్ అన్న ఆమె మాట ఇంటింటా వాడుకలోకి వచ్చింది. కుక్కలకన్నా వాటి యజమానులను ఆమె గద్దించే తీరే ప్రేక్షకులను ఎక్కువగా ఆకట్టుకొన్నదని చెప్పాలి.

ఆమె పద్ధతులన్నీ నేటికి ఆమోదయోగ్యం కావు. మెడకు బిగుసుకొనే చోక్ చైన్‌ను ఒక్కసారి గుంజి వదలడం ఆమె శిక్షణలో ప్రధాన భాగం. దీనివలన కుక్క మెడకు, శ్వాసనాళానికి గాయమయ్యే ప్రమాదం ఉందని, భయంతో కుక్క మరింత కోపిష్టిగా మారవచ్చని తరువాతి నిపుణులు విమర్శించారు. ప్రస్తుతం ఎక్కువమంది శిక్షకులు తినుబండారం, ఆట, మెచ్చుకోలు వంటి బహుమతులతోనే ఇవే పాఠాలను నేర్పుతున్నారు. కుక్కలు మనసులోని మాటను గ్రహిస్తాయన్న ఆమె నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు.

పక్షవాతానికి గురైన వుడ్‌హౌస్ 78 ఏళ్ళ వయసులో, 1988 జూలై 9న ఇంగ్లాండులో మరణించింది.