మన నిజాంసాగర్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్

నిజాంసాగర్ కాలువ గట్టు మీదుగా బడికొచ్చిన వాళ్లం మనలో చాలామందిమి. ఆ ప్రాజెక్టు కట్టించిన ఇంజినీరు అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నప్పుడు చదివింది సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లో. 1834లో మొదలైన ఆ బడి నిజాం రాజ్యంలో ఇంగ్లీషు చదువుకు పాతకాపు. తర్వాత మదర్సా-ఎ-ఆలియా. 1896లో సర్కారు స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లి, బ్రిటిష్ ఇండియాకు ఇంజినీర్లను తయారుచేసే కూపర్స్ హిల్ కాలేజీలో చేరారు. ఆ చదువుతో అక్కడి కొలువు చూసుకోకుండా, తిరిగొచ్చి నిజాం సర్కారులోనే చేరి చీఫ్ ఇంజినీరయ్యారు.

మంజీరపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కింద మన పొలాలు తడిశాయి. పైన ఊళ్లు మునిగాయి, అదీ మరవకూడదు. 1949లో ఆయన కన్నుమూశారు.

నేను ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లలో ఈ పేరు ఒక్కసారీ వినలేదు. ఇప్పుడు ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినం.