హత్య జరిగింది, నవ్వాగట్లేదు

మొన్న సెలవుల్లో అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో 50 రూపాయలకి ఓ పాత నవల కొన్నాను. పేరు ‘ద టాలిస్మన్ రింగ్’. అట్ట మీద గౌను వేసుకున్న అమ్మాయి. లేడీస్ నవలరా అని మా రూమ్‌వాళ్ళు ఒకటే నవ్వు. తీరా చదివితే లోపల హత్య కేసు, దొంగసరుకు ముఠా, మాయమైన ఉంగరం!

1793 నాటి ఇంగ్లండ్ కథ. హంతకుడన్న నింద మోస్తూ దాక్కున్న కుర్రాడు ఒకడు. పెద్దలు కుదిర్చిన పెళ్ళి వద్దని అర్ధరాత్రి ఇల్లు దాటిన యూస్టసీ ఒకతి. తనను గిలటిన్‌కి బండిలో తీసుకెళ్తుంటే జనం ఎంత జాలిపడతారో ఊహించుకోవడం ఆ పిల్లకి మహా సరదా. పెళ్ళికొడుక్కి మాత్రం చీమంత జాలి కలగదు. అసలు హంతకుడెవరో చెప్పన్లెండి.

ఇది 1936లో వచ్చింది. రాసింది జార్జెట్ హేయర్. 1902లో వింబుల్డన్‌లో పుట్టింది. జబ్బుతో ఉన్న తమ్ముడి కాలక్షేపానికి అల్లిన కథే ఆవిడ 19వ ఏట తొలి నవలగా అచ్చయింది. 1925లో తండ్రి హఠాత్తుగా పోయాడు. తమ్ముళ్ళిద్దరి బరువూ ఆవిడ మీదే పడింది. అదే ఏడు పెళ్ళాడిన రోనాల్డ్ రౌజియర్ మైనింగ్ ఇంజనీరు. మన బ్రాంచి కాదుగానీ మనోడే! అతని ఉద్యోగం కోసం ఇప్పటి టాంజానియాకి వెళ్ళి, ఏనుగుగడ్డి గుడిసెలో కాపురం పెట్టింది. కలం మాత్రం ఆపలేదు.

1926లో ఇంగ్లండంతా సమ్మె. పేపర్లలో రివ్యూలు లేవు, ప్రకటనలు లేవు. అయినా ఆవిడ నవల 1,90,000 కాపీలు పోయింది. ప్రచారం అక్కర్లేదని అప్పుడే తేల్చేసుకుంది. ఇక బతికినన్నాళ్ళూ ఇంటర్వ్యూలకి ఒప్పుకోలేదు.

తర్వాత ఆయన గనులు వదిలేసి లా చదివాడు. ఇల్లు గడిచింది ఈవిడ రాతల మీదే. 1932 నుంచి కొన్నేళ్ళు ఏడాదికో ప్రేమకథ, ఏడాదికో హత్య కథ. హత్య కథల ప్లాట్లు చాలావరకు మొగుడివి, మనుషులూ మాటలూ ఆవిడవి. నాకైతే ఆ మాటల కోసమే చదవాలనిపిస్తుంది. ఈ ఉంగరం కథలో రెండు దార్లూ కలిశాయి. అందుకే రాత్రి రెండింటిదాకా లైటు ఆపలేదు, తిట్లు తిన్నాను.

ఆవిడకి మాత్రం మధ్యయుగాల మీద ఓ పెద్ద చారిత్రక నవల రాయాలని కోరిక. ఇన్‌కమ్ టాక్స్ కట్టాలంటే మళ్ళీ ఓ సరదా నవల రాయాల్సి వచ్చేది. అలా అది పక్కకి జరుగుతూనే పోయింది. 1974లో ఆవిడ పోయాక, 1975లో సగంలో ఆగిన ఆ పుస్తకమే అచ్చయింది. ఆవిడ మిసెస్ రౌజియర్ అని చాలామంది పాఠకులకి తెలిసింది కూడా చావు వార్తల్లోనే.