ఉన్మాదమునకు చీటీలు వ్రాసిన వైద్యుడు

ఎమిల్ క్రేపెలిన్ 1856 ఫిబ్రవరి 15వ తేదీన ఉత్తర జర్మనీలోని నాయిస్ట్రెలిట్స్ పట్టణమున జన్మించెను. వైద్యవిద్య ముగించి, మ్యూనిచ్‌లో గుడ్డెన్ పండితుని కడ చేరెను. అచట మెదడును కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుట ముఖ్యమగు పని. కంటిజబ్బు వలన అది ఆయనకు సాగలేదు. ఉన్మాదమునకు మూలము మెదడులోనే కలదని జీవితాంతము నమ్మినవానికి ఇట్టి ఆటంకము కలుగుట విచిత్రమే.

1886లో, ముప్పది యేండ్లకే, డోర్పాట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచటి రోగులలో పెక్కుమంది భాష ఆయనకు రాదు, దుబాసీలే దిక్కు. మాటలకన్న రోగము నడచు తీరునకు ప్రాధాన్య మిచ్చుట బహుశః అచటనే అలవడినది. 1891లో హైడెల్‌బర్గు చేరిన పిమ్మట ఒక్కొక్క రోగికి ఒక్కొక్క చీటీ వ్రాయసాగెను. రోగ మెట్లు మొదలయ్యెను, ఎట్లు నడచెను, తుదకు రోగి యేమయ్యెను - ఇవి యందు ముఖ్యములు. సెలవులలో సైతము ఆ చీటీల పెట్టెలు ఆయన వెంట నుండెడివి. వానిని కలిపి, విడదీసి, మరల కలిపి, 1899 నాటి గ్రంథమున రెండు రాసులుగా పోసెను. వచ్చి తగ్గుచు, మరల వచ్చు ఉద్రేక విషాదముల ఉన్మాద మొకటి. యౌవనముననే పొడచూపి బుద్ధిని క్రుంగదీయున దింకొకటి. ఈ రెండవదానికే 1908లో బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా యని పేరిడెను.

తాను చూడలేనిదానిని చూచుటకు క్రేపెలిన్ నిస్సల్, అల్‌జైమర్‌లను చేరదీసెను. వార్ధక్యమున మతి పోగొట్టు వ్యాధి గుర్తులు అల్‌జైమర్ కంటికి చిక్కినవి; 1910లో ఆ వ్యాధికి అతని పేరే పెట్టినది క్రేపెలిన్. యౌవనోన్మాదపు గుర్తు మాత్రము నిశ్చయముగా చిక్కలేదు. శరీరమునందే పుట్టు విషమేదో కారణమని ఆయన ఊహించెను. ఆ రోగులలో కొందరు బాల్యమునుండియే ముభావులు, ఏకాంతప్రియులని వ్రాసియుంచెను. ఆ గమనికకు విలువ తరువాత హెచ్చినది.

1976లో ఇంగ్లండునందు ఈవ్ జాన్‌స్టన్ బృందము స్కాను తీయగా, దీర్ఘరోగుల మెదడులోని ద్రవకుహరములు పెద్దవిగా కనిపించెను. మెదడు రూపొందు తొలిదశలోనే కలిగిన లోపము యౌవనము వరకు అణగియుండి పిదప బయటపడునని 1987లో అమెరికాలో వైన్‌బర్గర్ ప్రతిపాదించెను. గర్భస్థశిశువు మెదడు నడుమ రెండు పొరల మధ్య ఒక సందుండును. సామాన్యముగా పుట్టిన కొలదినెలలకు మూసికొనును. ఈ రోగులలో అది విశాలముగా మిగిలియుండుట హెచ్చని కొన్ని పరిశోధనలు తెలిపినవి. కాని అట్టి సందుండియు ఏ బాధయు లేక జీవించువారు గలరు. దానినిబట్టి యెవ్వరిని రోగి యనరాదు.

ఈ హెచ్చరిక అనవసరము కాదు. తరతరములకు వంశము పతనమగునను మాటను క్రేపెలిన్ విశ్వసించెను. అది ఆయన విద్యకు మచ్చ. ఆయన శిష్యుడు రూడిన్ 1933 నాటి నాజీల నిర్బంధ వంధ్యీకరణ శాసనమునకు తోడ్పడెను.

1917లో మ్యూనిచ్‌లో మనోవ్యాధుల పరిశోధనాలయమును స్థాపించిన క్రేపెలిన్, గ్రంథపు తొమ్మిదవ కూర్పును దిద్దుచు 1926 అక్టోబరు 7న మరణించెను. మరుసటి యేడు అది వెలువడెను.