పాట వెనుక మనిషి – సాలూరి రాజేశ్వరరావు

 

మన గోడపత్రికలో మహనీయుల జీవితాల పేజీ ఈసారి నా వంతుకు వచ్చింది. ఇంతకుముందు మిత్రులు కొమురం భీం గురించి, అంబేద్కర్ గురించి, సి.వి. రామన్ గురించి రాసిండ్రు. నేను ఒక సంగీత దర్శకుని గురించి రాస్తున్న. సినిమావాళ్ల గురించి ఈ పేజీలో ఎందుకు అని కొందరు అడుగుతరు. చివరి దాకా చదవండి, ఆ తర్వాత చెప్పండి.

పాట అనంగనే మనకు పాడినోళ్లు గుర్తొస్తరు, తెర మీద ఆడినోళ్లు గుర్తొస్తరు. కాని పాట కింద ఏ వాద్యం ఎప్పుడు మొదలుకావాలె, ఎప్పుడు ఆగాలె, చరణానికీ చరణానికీ నడుమ ఏం వినిపించాలె అని కూర్చేటాయన ఒకరు ఉంటరు. దాన్నే వాద్యాల కూర్పు అంటరు. ఇది మనకు తెలియని సంగతి కాదు. సిరిసిల్ల దిక్కు మిత్రులు ఒగ్గు కథ చూసే ఉంటరు. కథ చెప్పేటాయన మాట అందుకోంగనే డోలు తగ్గుతది. యుద్ధం వచ్చిందంటే డోళ్లు, తాళాలు ఒక్కసారి లేస్తయి. ఏడుపు ఘట్టం వస్తే అన్నీ ఆగి ఒక్క గొంతే మిగులుతది. ఎక్కడ ఆగాలె అన్నదే అసలు విద్య. ఆ విద్యలో తెలుగువాళ్లలో పెద్ద పేరు సాలూరి రాజేశ్వరరావు గారిది.

ఆయన 1922 అక్టోబర్ 11న సాలూరు దగ్గర శివరామపురం అనే ఊర్లో పుట్టిండ్రు. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. అది కొండల దాపున ఉన్న ఊరు. చుట్టూ మన లెక్కనే గిరిజన గూడేలు. ఆయన తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసుడు. వయొలిన్ లో మహా విద్వాంసుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీలకు మృదంగం వాయించేవారు. అన్న హనుమంతరావు గారు కూడా తర్వాత సంగీత దర్శకుడైండ్రు. ఇంట్లో అంతా అదే పని కాబట్టి పిల్లవాడు ఆటల్లోనే రాగాలు పట్టిండు. పదేళ్లు దాటే వయసులోనే గ్రామఫోన్ రికార్డులకు పాడిండు. భగవద్గీత రికార్డుతో ఆ చిన్న గొంతు మద్రాసు దాకా తెలిసిపోయింది.

1935లో శ్రీకృష్ణ లీలలు అనే సినిమాలో బాలకృష్ణుని వేషం దొరికింది. కంసుని వేషం వేమూరి గగ్గయ్య గారిది. పెద్ద గొంతు ఉన్న ఆ నటుని ముందు నిలబడి పాడాలంటే మాటలు కాదు. అప్పుడు మన రాజేశ్వరరావు వయసు పదమూడు లోపే. అంటే మన ఏడో తరగతి పిల్లగాని అంత!

తర్వాత షూటింగ్ పని మీద కలకత్తా పోయిండ్రు. ఇక్కడనే ఆయన దారి మారింది. ఆ రోజుల్లో కలకత్తా న్యూ థియేటర్స్ సంగీతం దేశమంతా మోగుతున్నది. పంకజ్ మల్లిక్, సైగల్ అక్కడ ఉన్నరు. సినిమా పని అయినంక తిరిగి రాకుండా అక్కడనే ఉండి వాళ్ల దగ్గర హిందుస్థానీ పద్ధతి నేర్చుకున్నరు. వాద్యాలు ఎట్ల కూరుస్తరో దగ్గరుండి చూసిండ్రు. ఇంట్లో నేర్చిన కర్ణాటక సంగీతం ఒక చేతిలో, కలకత్తా సంగీతం ఇంకో చేతిలో పట్టుకొని మద్రాసుకు వచ్చిండ్రు. మృదంగం, తబలా, డోలక్, హార్మోనియం, సితార్, సుర్బహార్, తర్వాత పియానో, మాండొలిన్, ఎలక్ట్రిక్ గిటార్ – ఇన్ని వాద్యాలు ఆయనకు చేతనైనయి. వాద్యం స్వయంగా తెలిసినోడే దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పగలడు.

1940లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన ఇల్లాలు సినిమాకు సంగీతం చేసిండ్రు. అందులో నటించిండ్రు కూడా. అంతకుముందు మన సినిమా పాటలు చాలా మటుకు నాటకాల పద్యాల లెక్క ఉండేవి. గొంతెత్తి పాడాలె, రాగం సాగదీయాలె. రాజేశ్వరరావు గారు చిన్న గొంతుతో, మాట అర్థమయ్యేటట్టు, మెల్లగా పాడే పద్ధతి తెచ్చిండ్రు. దీన్నే లలిత సంగీతం అంటరు. రావు బాలసరస్వతీ దేవి గారితో కలిసి పాడిన రికార్డులు ఇంటింటికీ పోయినయి. పెద్ద కచేరీ వినలేని మామూలు మనిషి కూడా గునగునా పాడుకునే పాటలు అవి.

తర్వాత జెమినీ స్టూడియోలో చేరిండ్రు. ఎస్.ఎస్. వాసన్ తీసిన చంద్రలేఖ 1948లో విడుదలైంది. అందులో డోళ్ల నాట్యం గురించి తప్పక చెప్పాలె. కోట ముందర మనిషి కంటే ఎత్తయిన డోళ్లు వరుసగా పెట్టి ఉంటయి. వాటి మీద వందల మంది ఎక్కి ఆడుతరు. దుర్మార్గుడైన రాకుమారుడు సంబరంగా చూస్తుంటడు. నాట్యం అయిపోంగనే డోళ్ల లోపల దాగున్న సైనికులు బయటికి దుమికి కోట మీద పడుతరు. ఆ సినిమాలో రాజేశ్వరరావు గారు మన రాగాలు, ఉత్తరాది పద్ధతి, స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాల నడకలు, యూరప్ వాల్ట్జ్ లు, సర్కస్ బ్యాండు మోతలు అన్నీ కలిపిండ్రు. నేపథ్య సంగీతంలో ఎం.డి. పార్థసారథి గారి చెయ్యి కూడా ఉన్నది. ఇన్ని కలిపినా కిచిడీ కాలేదు. ఎందుకంటే ఒక్కొక్క దానికి దాని జాగ దానికి ఇచ్చిండ్రు.

ఇక్కడ ఒక విదేశీ సంగతి చెప్తే బాగుంటది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ల వారసులు న్యూ ఆర్లియన్స్ నగరంలో జాజ్ అనే సంగీతం పుట్టించిండ్రు. తాత ముత్తాతల ఆఫ్రికా దరువులు, చర్చి పాటలు, పొలం పని పాటలు, సైనిక బ్యాండుల బాకాలు అన్నీ అందులో కలిసినయి. డ్యూక్ ఎల్లింగ్టన్ (1899–1974) అనే జాజ్ విద్వాంసుడు తన బృందంలో ఎవరి ఊపిరి ఎట్లుంటదో చూసి, ఆ మనిషికి తగ్గట్టే బాణీ రాసేవారు. రాజేశ్వరరావు గారు జాజ్ విద్వాంసుడు కాదు. కాని ఇద్దరూ చేసిన పని ఒక్కటే. నలుదిక్కుల నుంచి వచ్చిన దాన్ని తీసుకున్నరు, తమ ఇంటి పాటను మాత్రం పోగొట్టుకోలేదు.

1951లో బి.ఎన్. రెడ్డి గారి మల్లీశ్వరి వచ్చింది. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. భానుమతి, ఘంటసాల పాడిండ్రు. తర్వాత ఆ సినిమాను చైనాలో కూడా చూపించిండ్రు. మల్లీశ్వరి అంటే అందరూ ఈ పేర్లన్నీ చెప్తరు. కాని వాద్యాల కూర్పులో రాజేశ్వరరావు గారికి తోడుగా అద్దేపల్లి రామారావు గారు పనిచేసిండ్రు. ఆ పేరు ఎంత మందికి తెలుసు? పాట వెనుక మనిషి రాజేశ్వరరావు గారు అయితే, ఆయన వెనుక కూడా ఇంకొక మనిషి ఉన్నడు. ఆ వెనుక పేర్లు తెలియని వయొలిన్లు, వేణువులు, తబలాలు వాయించినోళ్లు ఉన్నరు.

ఆ తర్వాత వరుసగా విప్రనారాయణ (1954), మిస్సమ్మ (1955), చెంచులక్ష్మి (1958), ఆరాధన (1962), బొబ్బిలి యుద్ధం (1964), డాక్టర్ చక్రవర్తి (1964), భక్త ప్రహ్లాద (1967) వచ్చినయి. భక్తి, హాస్యం, యుద్ధం, విరహం – ఏది ఇచ్చినా దానికి తగ్గ సంగీతం చేసిండ్రు. మిస్సమ్మలో ఎ.ఎం. రాజా గారి మెత్తని గొంతుకు ఎంత తక్కువ వాద్యం కావాలో అంతే పెట్టిండ్రు.

మన సిరిసిల్ల మిత్రులకు ఒక సంతోషం సంగతి. హనుమాజీపేటలో పుట్టిన డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు అమరశిల్పి జక్కన (1964)లో నల్లరాతి మీద రాసిన పాటకు బాణీ కట్టింది రాజేశ్వరరావు గారే. అదే హనుమాజీపేట నుంచి ఒగ్గు కథకు దేశమంతా పేరు తెచ్చిన మిద్దె రాములు గారు కూడా వచ్చిండ్రు. ఒక్క ఊర్లో రెండు దారులు. ఒక దారి మద్రాసు స్టూడియోకు పోయింది, ఇంకో దారి ఊరి గద్దె మీదనే ఉండి పెద్దదైంది. రెండూ గొప్పవే.

1970ల తర్వాత సినిమా సంగీతం మారింది. వేగం పెరిగింది, కొత్తవాళ్లు వచ్చిండ్రు. ఆయనకు సినిమాలు తగ్గినయి. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చిండ్రు. 1999 అక్టోబర్ 25న కన్నుమూసిండ్రు. ఆయన కొడుకు కోటి గారు రాజ్ గారితో కలిసి రాజ్–కోటి పేరుతో ఎన్నో సినిమాలకు సంగీతం చేసిండ్రు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే తర్వాత ప్రపంచమంతా తెలిసిన ఎ.ఆర్. రెహమాన్. అంటే చెయ్యి మారినా పని ఆగలేదు.

మిత్రులారా, ఇంత కథ ఎందుకు చెప్పిన్నంటే –

మాది తండా. మా దాదికి తీజ్ పాటలు వస్తయి. తొమ్మిది దినాలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, పెండ్లి కాని ఆడపిల్లలు పాడే పాటలు అవి. మా తండాలో ఆ పాటలు మొదటి నుంచి చివరి దాకా వచ్చినోళ్లు ఇప్పుడు ముగ్గురే మిగిలిండ్రు, ముగ్గురూ ముసలోళ్లే. మా భాషకు సొంత లిపి లేదు. వాళ్ల గొంతుతోనే ఆ పాటలు పోతయేమో అని నాకు భయంగా ఉన్నది. గోండు మిత్రుల ఊర్లల్ల డోలు, పెప్రె వాయించేటోళ్లు కూడా తగ్గుతున్నరని వాళ్లే చెప్తరు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మిత్రుల దగ్గర బతుకమ్మ పాటలు ఉన్నయి. కోరుట్లలో పెండ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే మేనమామ ఉన్న మిత్రుడు మన గదిలోనే ఉన్నడు, పళ్లెం మీద దరువు వేస్తే మెస్సు అంతా ఆగి వింటది.

వార్షికోత్సవం అంటే మనం పెన్ డ్రైవ్ లో సినిమా పాట పెట్టి ఆడుతం. అది తప్పని నేను అనను. కాని ఈసారి ఒక్క పది నిమిషాలు మన పాటలు మనమే వాయించుకుందాం. నేను ఇట్ల అనుకున్న: ముందు తీజ్ పాట ఒక్క గొంతుతో, ఏ వాద్యం లేకుండా. రెండో చరణానికి పళ్లెం దరువు. మూడో చరణంలో డోలు, పెప్రె. అప్పుడు జగిత్యాల మిత్రుల చప్పట్ల బతుకమ్మ అందుకోవాలె. చివరికి అన్నీ ఆగి మళ్లీ ఒక్క గొంతు.

వార్డెన్ సార్లకు, మేడంలకు మనవి. శనివారం సాయంత్రం స్టడీ అవర్ అయినంక ఒక గంట మాకు ఇప్పించండి. సెలవులకు పోయే మిత్రులు ఇంట్లో ముసలోళ్ల దగ్గర ఒక్కొక్క పాట అయినా తెలుగు అక్షరాల్లో రాసుకొని రండి. ఎవరి ఇంటి పాట, ఎవరు నేర్పిండ్రు అని కింద పేరు కూడా రాయండి. డోలు కొట్టినోని పేరు, పళ్లెం కొట్టినోని పేరు, అన్నీ ఈ గోడ మీదనే రాద్దాం. పాట వెనుక మనిషి పేరు లేకుండా పోవద్దు.