కనని బిడ్డలకు తల్లి: డాక్టర్ అన్నా కుగ్లర్



భక్తిగల తల్లుల గురించి చెప్పుకొనేటప్పుడు మనకు ముందుగా గుర్తొచ్చే పేర్లు కొన్ని ఉన్నాయి. సమూయేలును ప్రభువుకు అప్పగించిన హన్నా, తిమోతికి విశ్వాసం అందించిన అవ్వ లోయి, తల్లి యునీకే, సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో కనిపించే గుణవతియైన భార్య. వీళ్లంతా ఇల్లు కట్టిన స్త్రీలు. మన సంఘాల్లో స్త్రీల సమాజం కూడికల్లో ప్రసంగాలు ఎక్కువగా వీళ్ల చుట్టూనే తిరుగుతాయి. అందులో తప్పేమీ లేదు.

అయితే లేఖనాల్లో ఇంకొక తల్లి కూడా ఉంది. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివర వందనాలు చెబుతూ, రూఫు తల్లిని తనకూ తల్లిగా చెప్పుకొన్నాడు. ఆమె అతన్ని కనలేదు. న్యాయాధిపతుల గ్రంథంలో దెబోరాకు ఇశ్రాయేలులో తల్లి అన్న పేరు వచ్చింది. ఆమెకు బిడ్డలున్నారో లేరో ఆ గ్రంథం చెప్పదు. కడుపున పుట్టనివారికి తల్లి కావడం కూడా దేవుడు ఇచ్చే పిలుపేనని ఈ ఇద్దరి వల్ల మనకు తెలుస్తుంది. ఆ పిలుపును గుంటూరు పట్టణంలో దాదాపు 47 ఏళ్లు నెరవేర్చి, 1930 జూలై 26న ప్రభువునందు నిద్రించిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితాన్ని ఈ వారం మన పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బ్రాడీపేట లైన్లలో ఈ రోజు ఏ అడ్డరోడ్డులో నిలబడి చూసినా ఒక ఆసుపత్రి బోర్డు కనిపిస్తుంది. పల్నాడు నుంచి, ఒంగోలు వైపు నుంచి, మిరప కళ్లాల్లోనూ పత్తి చేలల్లోనూ పనిచేసే తల్లులు కాన్పుల కోసం బస్సు దిగి ఇక్కడికే వస్తారు. లేడీ డాక్టరు ఉన్నారా అని అడిగితే ఎవరూ వింతగా చూడరు. కానీ ఒకప్పుడు ఇదే పట్టణంలో ఆ ప్రశ్నకు జవాబు ఉండేది కాదు. ఆ జవాబు ఎలా వచ్చిందో తెలియాలంటే అన్నా కుగ్లర్ దగ్గరకు వెళ్లాలి.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊరిలో పుట్టింది. ఆడపిల్ల వైద్యం చదవడం ఆ దేశంలోనూ అరుదైన రోజులవి. ఆడవాళ్లకు వైద్య విద్య నేర్పడానికే ఫిలడెల్ఫియాలో 1850లో ఒక కళాశాల మొదలైంది. మన దేశానికి వచ్చిన మొట్టమొదటి మిషనెరీ లేడీ డాక్టర్ క్లారా స్వెయిన్ అక్కడే చదివి, 1870లో బరేలీ చేరింది. మహారాష్ట్ర ఆడపడుచు ఆనందీబాయి జోషి 1886లో పట్టా పొందిందీ అక్కడే. ఆ కళాశాల నుంచే అన్నా 1879లో డాక్టరై బయటకు వచ్చింది. తరువాత నోరిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసింది. మంచి ఉద్యోగం, గౌరవం, సొంత ఊరికి దగ్గరలో జీవితం. ఏ తల్లిదండ్రులైనా అంతకన్నా ఏం కోరుకుంటారు?

అప్పుడు గుంటూరులో సేవ చేస్తున్న లూథరన్ మిషనెరీ ఆడమ్ రో నుంచి ఆమెకు ఒక ఉత్తరం అందింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలి అవసరం ఎంత ఉందో ఆయన తెలియజేశాడు. గుంటూరులో లూథరన్ పరిచర్య కొత్తది కాదు. ఫాదర్ హైయర్ 1842 జూలై 31న ఈ పట్టణంలో అడుగుపెట్టాడు. బడులు నడుస్తున్నాయి, గుళ్లు లేస్తున్నాయి. కానీ మగ డాక్టరు ముందుకు రాలేని ఘోషా స్త్రీలు, పురిటి గదుల్లో ప్రాణం మీదకు వచ్చిన తల్లులు ఆ పరిచర్యకు అందకుండా ఉండిపోయారు. ఆ ఉత్తరం అన్నా మనసులో భారమై కూర్చుంది.

తనను పంపమని ఆమె తమ సంఘపు స్త్రీల మిషనెరీ సమాజాన్ని అడిగింది. వైద్య పరిచర్య మొదలుపెట్టడానికి వాళ్లు ఇంకా సిద్ధంగా లేరు. బడి పని, జెనానా పని చేసేందుకైతే పంపుతామన్నారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. పట్టా ఉంది, అనుభవం ఉంది, పిలుపు స్పష్టంగా ఉంది. సంఘం మాత్రం వేరే పని చేతిలో పెట్టింది. నా వరానికి మీరు విలువ ఇవ్వలేదని అలిగి ఆగిపోయినా ఆమెను తప్పుపట్టేవాళ్లు ఉండరు. ఆమె ఆ పనికి ఒప్పుకుంది. వైద్యపు సామాను కూడా వెంట తెచ్చుకుంది. 1883 నవంబరు 29న గుంటూరు చేరింది. అప్పటికి ఆమె వయసు 27 ఏళ్లు.

ఆడపిల్లల బడులు చూసుకుంటూ, ఇళ్లలో ఉండిపోయిన స్త్రీలకు చదువు చెప్పే పని నడిపిస్తూనే ఆమె రోగులను చూడడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెకు ఆసుపత్రి ఇవ్వలేదు గనుక ఇళ్లే ఆమె ఆసుపత్రులయ్యాయి. రెండేళ్లు ఇలా గడిచాక, 1885 చివరలో సమాజం ఆమెను వైద్య మిషనెరీగా నియమించింది. అప్పుడైనా ఆమె చేతికి వచ్చింది నియామకమే, భవనం కాదు.

ఆ ఇళ్ల సంగతి మన తరం వారికి కొంత చెప్పాలి. ఆ రోజుల్లో పురుడు అంటే మైల. ఇంటిలో గాలి ఆడని గది, అనుభవం మాత్రమే ఉన్న మంత్రసాని, కాన్పు అడ్డం తిరిగితే మొక్కులు. అగ్రకులాల ఇళ్లలో ఈ దొరసాని కూడా మైలే. ప్రాణం నిలబెట్టడానికి ఆమెను పిలిచేవారు, ఆమె వెళ్లిపోయాక ఆమె తాకినవి శుద్ధి చేసుకొనేవారు. అంత చదువు చదివి, అన్ని సముద్రాలు దాటి వచ్చిన మనిషిని అంటరానిదానిగా చూశారు. మన సంఘాల్లో చాలామంది పూర్వీకులకు ఈ అనుభవం పుట్టుకతోనే ఉంది. ఆమెకు అది పరిచర్యతో వచ్చింది. ఆమె దాన్ని భరించింది, పిలిచిన గడపకల్లా మళ్లీ వెళ్లింది. అవమానించిన ఇంటికే మళ్లీ మందు తీసుకుని వెళ్లే ఓర్పును మనం మామూలుగా ఎవరిలో చూస్తాము? తల్లిలోనే కదా.

మొదటి సెలవుకు అమెరికా వెళ్లినప్పుడు ఆమె గుంటూరు స్త్రీల కోసం నోరు తెరిచి అడిగింది. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది సాధారణ గృహిణులు. ఆ లూథరన్ సంఘాల్లోని స్త్రీల సమాజాలు చిన్న చిన్న కానుకలు కూడబెట్టి ఈ పనిని నిలబెట్టాయి. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బు గుంటూరులో గోడలై లేచింది. వంటింట్లో ఉండే మా వంటివాళ్లం దేవుని రాజ్యానికి ఏం చేయగలమని అడిగే సహోదరీలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అన్నా కుగ్లర్ ముందు వరసలో నిలబడింది. ఆమె వెనుక వేలమంది తల్లులు నిలబడ్డారు.

1893లో ఇక్కడ వైద్యశాల భవనం తెరిచారు. 1898లో స్త్రీలకూ పిల్లలకూ పూర్తి స్థాయి ఆసుపత్రి ప్రారంభమైంది. వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే ఆమె దాదాపు 15 ఏళ్లు ఎదురుచూసింది. ఈలోగా నర్సు క్యాథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ ఆమెకు తోడుగా వచ్చారు. మేరీ బేర్ తరువాత చీరాలలో వైద్య పరిచర్య నడిపింది. అక్కడి ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఈ ఆసుపత్రికీ ఇంటికీ ఉన్న బంధాన్ని చూపే సంగతి ఒకటి ఉంది. ఏలూరు రాజా భుజంగరావు బహద్దూర్ గారి భార్యకు డాక్టర్ కుగ్లర్ వైద్యం చేసింది. ఆ కుటుంబం ఆ మేలును మరచిపోలేదు. రాజావారు తెలుగు కవి. క్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యాల్లో రాశారు. రోగుల వెంట వచ్చే బంధువులు ఉండడానికి, తమ ఆచారం ప్రకారం వండుకొని తినడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. అయినా ఆ ఇంట్లో ప్రభువు నామానికి గౌరవం దొరికింది.

ఆ సత్రం గురించి కొందరికి సందేహం రావచ్చు. వేరుగా వండుకోనివ్వడమంటే కులపట్టింపుకు తలవంచడం కాదా? ఇది తేలికగా కొట్టేయదగిన ప్రశ్న కాదు. కులం చేసిన గాయం మన సంఘాల్లో ఇంకా మానలేదు. కానీ ఒక తల్లి ప్రాణం పోతున్న వేళ, ముందు మీ ఆచారం వదలండి, తరువాత మందు ఇస్తాం అనడం సువార్త పద్ధతి కాదని మేము నమ్ముతున్నాము. ప్రభువు కుష్ఠరోగిని తాకిన తరువాతనే యాజకుని దగ్గరకు పొమ్మన్నాడు. పైగా ఆసుపత్రి లోపల, మంచం పక్కన, ఆ పట్టింపు ఎంతకాలం నిలుస్తుంది? ఎవరి ఇంటి గడప తొక్కనివ్వరో ఆ ఇంటి పిల్ల నర్సుగా శిక్షణ పొంది, పసిబిడ్డకు స్నానం చేయించి తల్లి ఒడిలో పెడుతుంటే, ఆ చేతులను ఏ తల్లి కాదనగలదు?

ఆ నర్సుల మాట కూడా చెప్పుకోవాలి. రక్తం, చీము, పురిటి గుడ్డలు ముట్టే పనిని లోకం నీచంగా చూసిన రోజుల్లో, మన క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు ఆ పనిని పరిచర్యగా చేపట్టారు. కూతురు నర్సుగా తెచ్చిన జీతంతో తమ్ముళ్లు చదువుకున్న ఇళ్లు, ఆ జీతంతో పెంకుటిల్లు లేచిన కుటుంబాలు గుంటూరు, ప్రకాశం సంఘాల్లో తక్కువేమీ కాదు. అమ్మమ్మ నర్సమ్మ అని గర్వంగా చెప్పుకొనే మనుమలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. పెళ్లి చేసుకోని ఒక స్త్రీ మొదలుపెట్టిన పని ఇన్ని వంశాలను నిలబెట్టింది. వంశవృక్షంలో ఆమె పేరు ఎక్కడా ఉండదు. వేరు ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది.

పెళ్లికాని మిషనెరీ స్త్రీలను మన తెలుగువాళ్లు మిస్సమ్మ అన్నారు. ఇంగ్లీషువాళ్లు పెళ్లి కాలేదని చెప్పడానికి వాడిన మాటకు మనవాళ్లు అమ్మను జోడించారు. ఎవరూ వేదాంతం ఆలోచించి ఆ మాట పుట్టించి ఉండరు. కానీ రూఫు తల్లి విషయంలో పౌలు చెప్పిందీ, మన అవ్వల నోటిమీదుగా వచ్చిందీ ఒకటే.

ప్రభుత్వం ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1928లో ఆమె గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాసింది. రెండేళ్ల తరువాత, 74 ఏళ్ల వయసులో, తాను కట్టిన ఆసుపత్రి ఉన్న గుంటూరులోనే కన్నుమూసింది. విశ్రాంతి తీసుకోవడానికి సొంత దేశం ఉంది, స్వజనం ఉన్నారు. ఆమె చివరి ఊపిరి మాత్రం ఈ మట్టిలో కలిసింది. ఆసుపత్రికి ఆమె పేరు వచ్చింది. నేటికీ గుంటూరువాళ్లకు అది కుగ్లర్ ఆసుపత్రే.

ఇప్పుడు మన సంఘాల వైపు చూద్దాం. తల్లుల దినం వచ్చిందంటే ఆరాధనలో తల్లులందరినీ లేచి నిలబడమంటాము, పువ్వు ఇస్తాము, ప్రార్థన చేస్తాము. ఆ సమయంలో కూర్చొనే ఉండిపోయే సహోదరీలను ఎవరైనా గమనించారా? పెళ్లి కాని అక్క, పిల్లలు లేని వదిన, బిడ్డను పోగొట్టుకున్న పిన్ని, చిన్న వయసులో విధవరాలైన చెల్లెలు తలవంచుకొని పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతుంటారు. బయటకు వచ్చాక ఇంకా ఏమీ లేదా అని అడిగేది మనమే. ఆదివారపు బడిలో 20 ఏళ్లుగా మన పిల్లలకు వాక్యం నేర్పుతున్నదీ, ఆసుపత్రిలో మన తల్లి మంచం దగ్గర రాత్రంతా మేలుకున్నదీ చాలాసార్లు ఆమే. ఆ ఒక్క ప్రశ్నతో అదంతా లెక్కలో లేకుండా పోతుంది.

డాక్టర్ అన్నా కుగ్లర్ మన సంఘంలో ఈ రోజు ఉండి ఉంటే ఆమెను కూడా మనం అదే ప్రశ్న అడిగేవాళ్లమేమో. సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు నాయకురాండ్రారా, దీన్ని సరిచేయడానికి పెద్ద కార్యక్రమాలు అక్కరలేదు. ఈసారి తల్లుల కోసం ప్రార్థించేటప్పుడు, ఈ సంఘంలో ఎవరినైనా తల్లిగా పెంచినవాళ్లు, సేవించినవాళ్లు అందరూ లేవండి అని పిలవండి. వాళ్ల చేతికీ పువ్వు ఇవ్వండి. వాళ్ల పేర్లు పెట్టి దేవునికి స్తోత్రం చెప్పండి.

సహోదరీ, నీ ఇంట ఊయల ఊగకపోయినా నీ చేతుల మీదుగా ఎవరో ఒకరు బ్రతుకుతున్నారు. నీకు ఇచ్చిన పని నీ చదువుకు తగినది కాదని నేడు అనిపించవచ్చు. అన్నా బడి పనితో మొదలుపెట్టి ఆసుపత్రిని చూసింది. నీ గడపలోకి ఎవరిని పంపాలో, ఏ గడపలోకి నిన్ను పంపాలో ప్రభువుకు తెలుసు. ఆయన కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.