జీర్ణోద్ధరణ వ్రతధారిణి అహల్యాబాయి

ఆలయపు కప్పులో వెంట్రుకవాసి పగులు కనబడితే ఉపేక్షిస్తాం. వాననీరు అందులో దిగి సున్నాన్ని కరిగిస్తుంది. పక్షులు విడిచిన రావి విత్తు అక్కడే మొలిచి, వేళ్లతో రాళ్లను విడదీస్తుంది. ఏళ్లు గడిచేసరికి గోడలే ఒరుగుతాయి. కాలవశాననో, దండయాత్రల వలననో శిథిలమైన దేవాలయాలను నిలబెట్టడమే పరమధర్మంగా ఎంచిన సాధ్వి అహల్యాబాయి హోల్కర్.

ఆమె 1725లో మహారాష్ట్రలోని చౌండీ గ్రామంలో జన్మించింది. 1754లో కుంభేర్ ముట్టడిలో భర్త ఖండేరావు అసువులు బాశాడు. 1766లో మామగారు మల్హరరావు, మరుసటి ఏట కుమారుడు మాలేరావు గతించారు. అంతటి శోకంలోనూ రాజ్యభారం వహించి, నర్మదా తీరాన మహేశ్వరం రాజధానిగా, 1795లో శివసాయుజ్యం పొందేవరకు ధర్మపాలన సాగించింది.

కాశీ విశ్వనాథుని ఆలయాన్ని 1780లో పునర్నిర్మించింది. 1783లో సోమనాథ క్షేత్రాన శిథిలాలయ సమీపంలో నూతన మందిరం కట్టించింది. గయలో విష్ణుపాద ఆలయాన్ని ఉద్ధరించింది. ఈ ధర్మకార్యాలకు ఖాస్గీ అనబడే తన సొంత ఆస్తినే వినియోగించింది. నిత్యార్చనలు కుంటుపడకుండా శాశ్వత నిధులు ఏర్పరచింది. గుడి కట్టించడంతో బాధ్యత తీరదనే సత్యం ఆ ఏర్పాటులో గోచరిస్తుంది.

మీ ఊరి కోవెలకు రంగులు వేయించే ముందు ఒక్కమారు పైకెక్కి కప్పు పరికించండి. తొలకరికి ముందే నీటి తూములు శుభ్రపరచి, మొక్కలను వేళ్లతో సహా తొలగించి, అనుభవజ్ఞులైన స్థపతుల చేత పగుళ్లు పూడ్పించండి. క్రొత్త గుడి కట్టడం కన్నా పాత గుడిని నిలబెట్టడం మిన్న అని పెద్దల మాట. ఆ పుణ్యాత్మురాలికి అదే నిజమైన నివాళి.