గాజు పలకలపై చరిత్ర రాసిన రాజా దీన్‌దయాళ్

వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేసుకోవడం మనకు అలవాటు. ఈసారి మేము ఒక ఫొటోగ్రాఫర్ జీవితాన్ని ఎంచుకున్నాం. కారణం ఉంది. మనలో సెల్‌ఫోన్ పట్టుకోని వారు తక్కువ. ఆదివారం వాడరేవు వెళ్తే సముద్రం కంటే ముందు ఫోన్లే కనిపిస్తాయి. ఒక్కొక్కరి ఫోన్‌లో వేల ఫొటోలు ఉంటాయి. పదేళ్ళ తర్వాత చూసుకోదగ్గవి వాటిలో ఎన్ని? ఒక్కో ఫొటోకు గంటల తరబడి కష్టపడవలసిన రోజుల్లో వేల ఫొటోలు తీసి, అవి ఈనాటికీ నిలిచేలా చేసిన రాజా దీన్‌దయాళ్ జీవితంలో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని మా నమ్మకం.

బాల్యం, చదువు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర ఉన్న సర్ధనా అనే ఊరిలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ విద్యకు పేరుపొందిన రూర్కీలోని థామసన్ కళాశాలలో చదువుకున్నారు. 1866లో ఇండోర్‌లోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరారు. అంటే కొలతలు వేయడం, కట్టడాల నక్షాలు గీయడం ఆయన పని. ఈ చదువు వృథా పోలేదు. తర్వాత ఆయన తీసిన కోటలు, గుళ్ళ ఫొటోలలో స్తంభాలు నిటారుగా, గోడలు సూటిగా ఉంటాయి. గీతలతో పనిచేసిన కన్ను అది.

ఉద్యోగం చేస్తూనే 1874 ప్రాంతంలో ఆయన ఫొటోగ్రఫీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ముప్పై. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఫొటోలు తీసే అవకాశం ఆయనకు దక్కింది. ముప్పై ఏళ్ళకు కొత్త విద్య మొదలుపెట్టి రెండేళ్ళలో ఆ స్థాయికి చేరడం మాటలు కాదు. ఇంటర్ తప్పగానే జీవితం అయిపోయిందనుకునే తమ్ముళ్ళు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఆనాటి ఫొటో ఎలా తీసేవారు?

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పోయాలి. చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే కడగాలి. ఇదంతా పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పలక ఎండితే పనికిరాదు. అందుకే ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే అక్కడికి కెమెరా, స్టాండ్, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, నీళ్ళు, చీకటి గుడారం వెంట రావాలి. అడవిలో ఉన్న గుడి ఫొటో తీయాలంటే ఈ సామానంతా అక్కడికి చేరాలి.

నెగటివ్‌ను పెద్దది చేసి ప్రింట్ వేయడం అప్పట్లో సులువు కాదు. నెగటివ్‌ను కాగితంపై ఆనించి ఎండలో పెట్టి ప్రింట్ తీసేవారు. కాబట్టి పెద్ద ఫొటో కావాలంటే పెద్ద గాజు పలక, పెద్ద కెమెరా ఉండాల్సిందే. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత ఉండేది. ఆ తర్వాత 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు కనుగొన్న పొడి పలకలు మెరుగుపడి 1880ల నాటికి వ్యాప్తిలోకి వచ్చాయి. వాటిని ముందే తయారుచేసి ఉంచుకోవచ్చు, తీరిగ్గా కడుక్కోవచ్చు. దీన్‌దయాళ్ కూడా ఈ కొత్త పద్ధతిని అందిపుచ్చుకున్నారు.

ఇందులో మనకు పనికొచ్చే మాట ఏమిటంటే, పలక ఖరీదైనది కనుక ఆ రోజుల్లో ముందు ఆలోచన, తర్వాతే ఫొటో. ఎండ ఏ వైపు ఉంది, మనిషి ఎక్కడ నిలబడాలి, వెనుక ఏముంది అని చూసుకున్నాకే లెన్స్ మూత తీసేవారు. మనం ఇరవై తీసి ఒకటి ఏరుకుంటాం. ఈ వారం ఒక ప్రయత్నం చేయండి. రోజుకు మూడే ఫొటోలు తీయండి. నెల తిరిగేసరికి మీకే తేడా తెలుస్తుంది.

హైదరాబాద్ రాక

1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి పురాతన కట్టడాల ఫొటోలు తీశారు. ఆ ఫొటోలతో మధ్య భారత ప్రసిద్ధ కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం 1886లో వెలువడింది. అప్పటికే ఆయన ఫొటోగ్రఫీనే పూర్తి వృత్తిగా చేసుకున్నారు. స్థిరమైన ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకోవడం ఆ రోజుల్లోనూ సాహసమే. కానీ పదేళ్ళకు పైగా పని నేర్చుకుని, పేరు తెచ్చుకుని, ఆ తర్వాతే ఆయన ఆ అడుగు వేశారని గమనించాలి.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించుకున్నారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. చౌమహల్లా, ఫలక్‌నుమా వంటి ప్రాసాదాలు, దర్బారులు, సైనిక విన్యాసాలు, పులి వేటలు అన్నీ ఆయన కెమెరాకు ఎక్కాయి. నూట ఇరవై, నూట ముప్పై ఏళ్ళ కిందటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఈనాడు మనం చూడగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు చాలా ఉంది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు పురస్కారం లభించింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా మహారాణి ఫొటోగ్రాఫర్‌గా గుర్తింపు పొందారు.

ఆడవారి కోసం ప్రత్యేక స్టూడియో

ఆయన చేసిన పనులలో మాకు బాగా నచ్చినది ఇది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవారి ముందు కూర్చుని ఫొటో తీయించుకోలేరు. అందుకని 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో ఏర్పాటు చేసి, దాన్ని నడిపే బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. అక్కడ పనిచేసేవారంతా స్త్రీలే. ఫొటో తీయించుకునే మనిషి ఇబ్బంది పడకుండా ఉంటేనే ముఖం ముఖంలా వస్తుందని ఆయన గ్రహించారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. తీరంలో వలలు బాగుచేసుకుంటున్న వారిని, చేపలు ఆరబెడుతున్న అమ్మలను అడగకుండా ఫొటో తీయడం, అడగకుండానే పదిమందికి పంపడం మామూలైపోయింది. బాలికల వసతి గృహాల్లో ఉండే చెల్లెళ్ళకు దీనివల్ల కలిగే బాధ ఇంకా ఎక్కువ. తీసే ముందు ఒక మాట అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. తీశాక ఆ ఫొటో వారికి చూపించాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, ఫొటో బాగా రావడానికి మార్గం కూడా.

రాజులు, కరువు కూలీలు

దీన్‌దయాళ్ రాజాస్థానాలకు పనిచేసిన మనిషి. పేదల కోసమే కెమెరా పట్టారని మేము చెప్పబోవడం లేదు. కానీ ఆయన స్టూడియో నుంచి వచ్చిన ఫొటోలలో రాజభవనాలే కాదు, 1899-1900 కరువు కాలంలో నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతంలో సహాయ పనులకు వచ్చిన కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి. సర్కారు చేస్తున్న సహాయాన్ని చూపించడానికి తీసిన ఫొటోలు అవి. వాటిలో ఎముకలు తేలిన శరీరాలు ఉన్నాయి, మన తాత ముత్తాతల వంటి మనుషులు ఉన్నారు.

దర్బారు ఫొటోలో నవాబుల పేర్లు మనకు తెలుసు. కరువు ఫొటోలో నిలబడిన ఆ కూలీల పేర్లు తెలియవు. సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకుంటున్న మనకు ఈ తేడా చప్పున అర్థమవుతుంది. మన ఇళ్ళలో తాతల ఫొటోలు ఎందరికి ఉన్నాయి? ఉన్నా వెనుక పేరు, సంవత్సరం రాసి ఉందా? మన హాస్టల్ పాత గ్రూప్ ఫొటోలు చూడండి. వెనుక వరుసలో నిలబడినవారు ఎవరో చెప్పేవారు లేరు. మన పేర్లు మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

కన్నుమూసిన తర్వాత

దీన్‌దయాళ్‌కు ఇద్దరు కుమారులు, జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్. ఇద్దరూ తండ్రి వృత్తిలోనే ఉన్నారు. 1904లో ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి సంవత్సరం, 1905లో, దీన్‌దయాళ్ కన్నుమూశారు. ఆయన నెగటివ్‌లకు వరుస నంబర్లు వేసి, రిజిస్టర్లు రాసి ఉంచడం ఆ స్టూడియో పద్ధతి. గాజు పలకలు పగిలిపోయేవే అయినా మిగిలినవాటికి ఆ పద్ధతి వల్లే విలువ నిలిచింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను సేకరించి భద్రపరిచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మనం నేర్చుకోదగ్గవి

వెలుగు: ఆనాటి స్టూడియోలకు అద్దాల కప్పు ఉండేది. ఎండ నేరుగా పడకుండా తెరలు కట్టి వెలుగును మెత్తగా చేసేవారు. మనకు హాస్టల్ వరండా నీడే ఆ స్టూడియో. స్కాలర్‌షిప్‌కు, పరీక్ష దరఖాస్తుకు పాస్‌పోర్ట్ ఫొటో కావాలంటే మిట్ట మధ్యాహ్నం ఎండలో కాకుండా, వరండాలో వెలుగు వచ్చే వైపు ముఖం పెట్టి, వెనుక తెల్లగోడ ఉండేలా నిలబడండి. వాడరేవులో పొద్దున సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. సముద్రాన్ని వెనుక పెట్టుకుని నిలబడితే ముఖం నల్లబడుతుంది. సాయంత్రం ఎండ ఊరి వైపు నుంచి వచ్చి పడవల మీద, ముఖాల మీద పడుతుంది. మనుషుల ఫొటోలకు అదే మంచి వేళ. పొద్దున పూట పడవలను నల్లని నీడ బొమ్మలుగా తీస్తే అందంగా ఉంటాయి.

నిలకడ: ఆనాటి కెమెరా స్టాండ్ లేకుండా పనిచేసేది కాదు. సాయంత్రం వెలుగు తగ్గాక మన ఫోన్‌కూ అదే వర్తిస్తుంది. గోడకో, పడవ అంచుకో ఆనించి తీయండి. లైట్‌హౌస్ తీసేటప్పుడు ఫోన్‌ను పైకి వంచితే కట్టడం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దూరంగా జరిగి ఫోన్ నిటారుగా పట్టుకోండి. జూమ్ చేస్తే బొమ్మ చెదురుతుంది, రెండడుగులు ముందుకు వేయడం మేలు.

సామాను: అప్పు చేసి కెమెరా కొనవద్దు. ఉన్న ఫోన్ లెన్స్‌ను శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడిస్తేనే సగం తేడా వస్తుంది. పెళ్ళి ఫొటోల పనిలోకి దిగాలనుకునే అన్నలు ముందు ఒక స్టూడియోలో సహాయకుడిగా చేరి పని నేర్చుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కెమెరా కొంటే లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి లోపల బూజు ఉందేమో చూడాలి. మన తీరపు తేమకు బూజు త్వరగా పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుకోవాలి. తీరం నుంచి రాగానే ఉప్పు, ఇసుక తుడిచేయాలి.

ఎడిటింగ్: ఇది ఈనాటి కొత్త విద్య కాదు. ఆ కాలంలోనూ నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మచ్చలు సరిదిద్దేవారు, ప్రింట్లకు చేత్తో రంగులు వేసేవారు. కాబట్టి దిద్దడం తప్పు కాదు. వంకరగా ఉన్న సముద్రపు గీతను సరిచేయండి, అనవసరమైనది కత్తిరించండి, వెలుగు కొద్దిగా పెంచండి లేదా తగ్గించండి. అసలు ఫొటోను వేరుగా దాచి నకలు మీదే మార్పులు చేయండి. ఒక్కటి మాత్రం వద్దు. ముఖాన్ని తెల్లగా చేసే ఫిల్టర్ వాడవద్దు. మన అమ్మానాన్నలు ఎండలో కష్టపడి మనకు ఇచ్చిన రంగు దిద్దవలసిన మచ్చ కాదు. ముఖం మీద వేలు నొక్కి వెలుగు సరిచూసుకుని తీస్తే ఏ రంగు ముఖమైనా కళగా వస్తుంది.

భద్రత: నెలకొకసారి మంచి ఫొటోలు పది ఏరి, తేదీ, ఊరు, మనుషుల పేర్లు రాసి రెండు చోట్ల దాచండి. ఏడాదికి ఒకటైనా ప్రింట్ వేయించండి. ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి, కాగితం మిగులుతుంది.

ఈ వార్షికోత్సవం గ్రూప్ ఫొటోతోనే మొదలుపెడదామని మా ప్రతిపాదన. ప్రింట్ వెనుక వరుసల వారీగా ప్రతి ఒక్కరి పేరు, తరగతి, ఊరు రాద్దాం. వంట మనుషుల పేర్లు, వాచ్‌మన్ పేరు కూడా రాద్దాం. పూర్వ విద్యార్థులు తమ దగ్గర ఉన్న పాత ఫొటోలు తెచ్చి, గుర్తున్న పేర్లు చెప్పి రాయించవలసిందిగా కోరుతున్నాం. గాజు పలకలకు నంబర్లు వేసి దాచిన రాజా దీన్‌దయాళ్‌కు మనం ఇచ్చే నివాళి అదే.